మెదడు తీరు భిన్నమైన వయోజనులు - సేవావృత్తులవారి బాధ్యత

ఆటిజం అన్న మాట వినగానే మన మనసులో ఒక పసివాడి రూపం మెదులుతుంది. మాటలు ఆలస్యంగా వచ్చిన బిడ్డ, పిలిస్తే తిరిగి చూడని బిడ్డ, ఆటవస్తువులన్నిటినీ వరుసగా పేర్చుకునే బిడ్డ. కాని ఆ బిడ్డ అక్కడే ఆగిపోడు, పెరుగుతాడు. ఇరవై ఏళ్ళవాడవుతాడు, నలభై ఏళ్ళవాడవుతాడు. చదువుకుంటాడు, ఉద్యోగంలో చేరతాడు, నికాహ్ చేసుకుంటాడు, తల్లిదండ్రులను పోగొట్టుకుంటాడు. అందరినీ వేధించే దిగులు, భయం, నిద్రలేమి అతణ్ణీ వేధిస్తాయి. అప్పుడు అతడు ఒక వైద్యుని దగ్గరకో, మానసిక చికిత్సకుని దగ్గరకో, మసీదు ఇమాముగారి దగ్గరకో వెళతాడు. అక్కడ లభించే సహాయం అతనికి పనికివచ్చే రూపంలో ఉంటుందా? ఈ వ్యాసంలో మనం పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

సమాధానాన్ని ముందే చెప్పి, ఆ తర్వాత వివరణలోకి వెళదాం. ఇటువంటి వ్యక్తికి సహాయం ఫలించనప్పుడు దానికి కారణాన్ని సాధారణంగా అతని మొండితనంలోనో, అతని శ్రద్ధాలోపంలోనో వెదుకుతారు. కాని చాలా సందర్భాలలో లోపం ఆ సహాయాన్ని అందించే పద్ధతిలో ఉంటుంది. పద్ధతిని మార్చుకోవటం సహాయకుని బాధ్యత. ఎలా మార్చుకోవాలో తెలుసుకోవటానికి మొదటి మార్గం, ఆ వ్యక్తిని అడిగి అతడు చెప్పినదాన్ని నమ్మటం.

పదాల వివరణ

ఇటీవలి కాలంలో 'న్యూరోడైవర్జెంట్' అనే ఆంగ్ల పదం బాగా వాడుకలోకి వచ్చింది. మెదడు పనిచేసే తీరు అధిక సంఖ్యాకుల తీరుకు భిన్నంగా ఉన్నవారు అని దాని భావం. ఈ ఆలోచన 1990 దశకంలో, ఆటిజం గల వయోజనులు తమలో తాము జరుపుకున్న చర్చల నుంచి రూపు దిద్దుకున్నది. ఆటిజం, ఏకాగ్రత నిలవకపోవటం, కుదురు లేకపోవటం ప్రధాన లక్షణాలుగా గల ఎ.డి.హెచ్.డి., చదవటంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా మొదలైనవి దీని పరిధిలోకి వస్తాయి. ఇది వైద్యుడు చీటీ మీద వ్రాసే రోగం పేరు కాదు. అనేక స్థితులకు కలిపి పెట్టిన ఉమ్మడి పేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. ఎ.డి.హెచ్.డి. వయోజనులలో సుమారు నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుందని పరిశోధకుల అంచనా. ఈ లెక్కన మన బంధువర్గంలో, మన మొహల్లాలో, మన జమాఅత్‌లో ఇటువంటివారు తప్పక ఉంటారు. వారిలో కొందరు అసలు మాట్లాడలేరు, రోజంతా ఒకరి తోడు అవసరమవుతుంది. కొందరు ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా, వ్యాపారులుగా జీవిస్తూ, లోలోపల పడుతున్న శ్రమను పైకి కనబడనీయరు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఆటిజం పెంపకంలోని లోపం వల్ల వచ్చేది కాదు. టీకాల వల్ల వచ్చేది కాదు. విశ్వాసం బలహీనపడటం వల్ల వచ్చేది కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే ఒక తీరు అది. దీనిని జిన్ను పట్టిందని భావించి తాయెత్తుల కోసం, ఆమిల్‌ల కోసం తిరిగే కుటుంబాలు డబ్బుతోపాటు విలువైన సంవత్సరాలను కూడా పోగొట్టుకుంటున్నాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉన్నది: తనలో ఏదో చెడు ప్రవేశించిందన్న భావంతోనే ఆ వ్యక్తి పెరిగి పెద్దవాడవుతాడు.

పిల్లలు కనిపించారు, పెద్దలు కనిపించలేదు

రష్యాలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు 1925లోనే ఇటువంటి పిల్లల గురించి వివరంగా వ్రాసింది. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణిస్తూ వ్యాసం ప్రచురించాడు. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ మరికొందరు పిల్లల గురించి వ్రాశాడు. ఈ విధంగా ఆటిజం మొదటి నుంచీ పిల్లల వైద్యుల చేతుల్లోనే ఉండిపోయింది.

కాని కానర్ వర్ణించిన పిల్లల్లో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్ పిల్లవాడుగానే ఉండిపోలేదు. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో పెరిగి, చదువుకొని, బ్యాంకులో ఉద్యోగం చేసి, దేశదేశాలు తిరిగి, 2023లో 89వ ఏట మరణించాడు. అతనిలోని ఆటిజం పోలేదు. అయితే ఆ ఊరివారు అతణ్ణి అతనిగా అంగీకరించారు. ఆయన జీవితంలో మనం గమనించవలసిన అంశం ఇదే.

అందరికీ అంతటి అదృష్టం దక్కలేదు. తల్లి ప్రేమ కరువై, ఇంట్లో ఆప్యాయత లేకపోవటం వల్లనే ఆటిజం వస్తుందనే సిద్ధాంతం దశాబ్దాల తరబడి రాజ్యమేలింది. చికాగోకు చెందిన బ్రూనో బెటల్‌హైమ్ 1967లో వెలువరించిన గ్రంథంతో ఈ భావం ప్రజలలో మరింత వ్యాపించింది. తాను కన్న బిడ్డకు తానే శత్రువునన్న నిందను ఎందరో తల్లులు మోశారు. ఆటిజం గల కుమారుని తండ్రి, స్వయంగా మనోవిజ్ఞాని అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే ఈ సిద్ధాంతాన్ని ఖండించి, కారణాలు మెదడు నిర్మాణంలో ఉన్నాయని వాదించాడు. అయినా ఆ నింద తొలగటానికి చాలా కాలం పట్టింది.

సూడాన్‌కు చెందిన మనోవిజ్ఞాని మాలిక్ బద్రీ 1979లో ముస్లిం మనోవిజ్ఞానుల సందిగ్ధ స్థితిపై వ్రాసిన గ్రంథంలో, ఇతర సమాజాలలో పుట్టిన సిద్ధాంతాలను పరీక్షించకుండా అరువు తెచ్చుకోవద్దని హెచ్చరించాడు. తల్లులను నిందించిన సిద్ధాంతం ఆ హెచ్చరికకు మంచి ఉదాహరణగా నిలుస్తుంది. అయితే ఇందులోని పాఠం పాశ్చాత్యులకు మాత్రమే పరిమితం కాదు. ఎదుట కూర్చున్న మనిషి కంటె తన సిద్ధాంతాన్ని ఎక్కువగా నమ్మే సహాయకుడు ఏ దేశంలో ఉన్నా హాని చేస్తాడు. 'జిన్ను' అని నిర్ణయించినవాడు చేసిన పని, 'తల్లి తప్పు' అని నిర్ణయించినవాడు చేసిన పని ఒకటే. ఇద్దరూ అడగకుండానే తీర్పు చెప్పారు.

1981లో లండన్‌లో లోర్నా వింగ్ ఆస్పెర్గర్ పరిశీలనలను తిరిగి వెలుగులోకి తెచ్చిన తర్వాత, చక్కగా మాట్లాడగలిగేవారిలోనూ ఆటిజం ఉండవచ్చునన్న గుర్తింపు క్రమంగా వచ్చింది. 2013 నాటి అమెరికా వైద్య వర్గీకరణ ఈ స్థితులన్నిటినీ ఒకే విస్తృతమైన పేరు క్రిందికి తెచ్చింది. ఒకే వ్యక్తిలో ఆటిజం, ఎ.డి.హెచ్.డి. రెండూ ఉండవచ్చునని కూడా అప్పుడే అంగీకరించింది. దానితో ముప్పై, నలభై, యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి తమ స్థితికి పేరు తెలుసుకున్నవారి సంఖ్య పెరిగింది. వారిలో స్త్రీలు ఎక్కువగా ఉన్నారు. బాల్యంలో వారిని సిగ్గరులని, అతి సున్నితులని, పరధ్యానం మనుషులని సరిపెట్టేశారు.

లోపలి పరిస్థితి

సహాయకుడు ముందుగా తెలుసుకోవలసిన అంశాలు నాలుగు ఉన్నాయి.

మొదటిది ఇంద్రియ జ్ఞానం. మనకు వినిపించనే వినిపించని ట్యూబులైటు రొద, ఫ్యాను చప్పుడు, పక్కవారి ఘాటైన అత్తరు కొందరికి భరించరానంత బాధ కలిగిస్తాయి. అటువంటి గదిలో కూర్చున్నవాని శక్తి అంతా ఆ బాధను తట్టుకోవటంలోనే ఖర్చవుతుంది. చెప్పిన మంచి మాట చెవిన పడదు.

రెండవది భావాలకు పేరు పెట్టటం. ఆటిజం గలవారిలో సుమారు సగం మందికి తమ భావాలను గుర్తించి మాటల్లో పెట్టటం కష్టమని పరిశోధనలు తెలుపుతున్నాయి. భావాలు లేకపోవటం కాదు ఇది. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. అది భయమో, కోపమో, ఆకలో అప్పటికప్పుడు తేల్చి చెప్పలేరు.

మూడవది పనులను క్రమంలో పెట్టుకునే శక్తి. ఎ.డి.హెచ్.డి. గలవానికి ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యాలన్న కోరికా ఉంటుంది. పని మొదలుపెట్టటం, కాలాన్ని అంచనా వేయటం, మధ్యలో మరచిపోకుండా ఉండటం అతనికి కష్టం. బయటివారికి ఇది సోమరితనంగా కనిపిస్తుంది.

నాలుగవది నటన. చిన్ననాటి నుంచి మందలింపులు తిన్నవారు ఇతరులను గమనించి వారిలా ప్రవర్తించటం నేర్చుకుంటారు. ఎదుటివారి కళ్ళలోకి ఎంతసేపు చూడాలి, ఎప్పుడు నవ్వాలి, ఎక్కడ 'అవును' అనాలి - అన్నీ లెక్కపెట్టుకొని చేస్తారు. పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఇంటికి చేరిన తర్వాత మంచం మీద నుంచి లేవలేని అలసట. ఎంత ఎక్కువగా నటిస్తే అంత ఎక్కువగా కుంగుబాటు, ఆత్మహత్య తలంపులు కనిపిస్తున్నాయని పరిశోధకులు గుర్తించారు.

ఇది చిన్న విషయం కాదు. స్వీడన్ దేశపు జనాభా రికార్డులను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆటిజం గలవారిలో మరణించినవారి సగటు వయస్సు సుమారు 54 ఏళ్ళు. ఇతరులలో సుమారు 70 ఏళ్ళు. ఆత్మహత్యల వల్ల సంభవించిన మరణాలు కూడా వీరిలో అనేక రెట్లు ఎక్కువ. వీరు సహాయం కోరి వచ్చినప్పుడు ఆ సహాయం అందటమా, అందకపోవటమా అన్నది కొన్నిసార్లు ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

సంభాషణ ఎక్కడ తెగుతుంది?

ఆటిజం గలవారికి ఇతరుల మనసు అర్థం కాదని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ 2012లో ఈ వాదాన్ని తిరగేశాడు. ఆయనకూ ఆటిజం ఉన్నది. ఇతరుల మనసు మాకు అర్థం కాకపోవటం నిజమే, మా మనసు ఇతరులకు అర్థం కాకపోవటం కూడా అంతే నిజం. వారధికి రెండు గట్లూ ఉంటాయి - ఇదీ ఆయన వాదసారం.

ఎడింబరో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి బలం చేకూర్చింది. పిల్లలు ఆడుకునే 'చెవిలో మాట' ఆట వంటిదే అది. ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరుసగా చెప్పించారు. అందరూ ఆటిజం గలవారే ఉన్న వరుసలో కథ ఎంత నిలిచిందో, అందరూ ఆటిజం లేనివారే ఉన్న వరుసలోనూ అంతే నిలిచింది. ఇరువురినీ కలిపిన వరుసలో మాత్రం వివరాలు త్వరగా జారిపోయాయి. 2025లో ఇంకా ఎక్కువమందితో చేసిన ప్రయోగంలో కలిపిన వరుసలోనూ ఆ లోటు కనబడలేదు. ఏది ఏమైనా, ఆటిజం గలవారు విషయాన్ని గ్రహించి అందించటంలో తీసిపోరన్న సంగతి రెండు ప్రయోగాల్లోనూ తేలింది.

మన భాషలోనే చూడండి. 'చూద్దాం లెండి' అంటే తొంభై పాళ్ళు 'కాదు' అని అర్థం. 'రేపో మాపో రండి' అంటే ఎప్పుడు రావాలి? 'కాసేపు కూర్చోండి' అంటే అయిదు నిమిషాలా, రెండు గంటలా? 'వస్తాను' అంటూ మనిషి వెళ్ళిపోతాడు. 'ఎందుకలా కడుపులో పెట్టుకుంటారు, బయటికి చెప్పండి' అని సలహాదారు అంటాడు. మాటను మాటగానే తీసుకొనే వ్యక్తి ఈ సంభాషణలో అడుగడుగునా తడబడతాడు. అతని ప్రశ్నలను మనం ఎకసెక్కం అనుకుంటాం. అతడు సూటిగా చెప్పిన సమాధానాన్ని అమర్యాద అనుకుంటాం. కళ్ళలోకి చూడకపోతే ఏదో దాస్తున్నాడనుకుంటాం. నిజానికి, కళ్ళలోకి చూడకుండా ఉంటేనే అతడు మన మాట శ్రద్ధగా వినగలుగుతూ ఉండవచ్చు.

సహాయం రూపం ఎలా మారాలి?

ఈ విషయంలో బ్రిటన్‌కు చెందిన 'నైస్' సంస్థ 2012లో ఆటిజం గల వయోజనుల కోసం మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. మానసిక చికిత్సను వారికి తగినట్లు మలచుకోవటం గురించి అందులో ఉన్న సూచనలు ఏ భాషవారికైనా, ఏ వృత్తివారికైనా ఉపయోగపడేవే. వాటిని మన పరిస్థితులకు అన్వయించి క్రింద వివరిస్తున్నాము.

చికిత్స స్పష్టమైన క్రమంలో, ఆచరణకు దగ్గరగా ఉండాలి. ఎన్నిసార్లు కలుస్తారు, ఎంతసేపు, ఏం చేస్తారు అన్నది మొదటి రోజే చెప్పాలి. గది మారినా, వేళ మారినా ముందుగా తెలియజేయాలి. మార్పు వల్ల కాదు, చెప్పకుండా వచ్చిన మార్పు వల్ల ఎక్కువ కలవరం కలుగుతుంది.

నోటితో చెప్పినదాన్ని కాగితం మీద కూడా వ్రాసి ఇవ్వాలి, వీలైతే బొమ్మ గీసి చూపాలి. 'మీకేమనిపిస్తోంది?' అన్న ప్రశ్న దగ్గర వ్యక్తి మౌనం వహిస్తే, దాన్ని ప్రతిఘటనగా భావించరాదు. 'ఆ సమయంలో శరీరంలో ఎక్కడ ఏమయింది? గుండె వేగంగా కొట్టుకున్నదా? నిద్ర ఎన్ని గంటలు పట్టింది?' అని అడిగితే సమాధానం వస్తుంది. జవాబు వ్రాసి పంపుతానంటే అంగీకరించాలి. కొందరు నోటితో చెప్పలేనిది చక్కగా వ్రాయగలరు.

ఉపమానాలు, ఊహాగానాలు తగ్గించి సూటిగా మాట్లాడాలి. ఆలోచనలను మార్చే వాదనలకంటె, రోజువారీ ప్రవర్తనలో చేయదగిన చిన్న మార్పులపై దృష్టి నిలపటం ఎక్కువగా ఫలిస్తుంది. లోకంలో అందరికీ తెలుసనుకొనే అలిఖిత నియమాలను విడమరచి, అవి ఎందుకున్నాయో చెప్పాలి. మధ్యలో విరామం ఇవ్వాలి. ఆ వ్యక్తి ఇష్టపడితేనే కుటుంబంలో ఒకరిని సంభాషణలోకి తీసుకోవాలి. అతణ్ణి పక్కన కూర్చోబెట్టి అతని గురించి అన్నగారితో మాట్లాడటం తగదు. అతనికి ప్రియమైన విషయం - అది రైళ్ళ వేళలు కావచ్చు, అరబ్బీ వ్యాకరణం కావచ్చు, పక్షులు కావచ్చు - సంభాషణకు అడ్డు కాదు, అదే ద్వారం.

ఎ.డి.హెచ్.డి. గలవారికి ఇంకొన్ని జాగ్రత్తలు అవసరం. ముందురోజు సాయంత్రం గుర్తుచేసే సందేశం పంపటం, ఒక్కసారికి ఒక్క పనే అప్పగించటం, గది విడిచి వెళ్ళకముందే ఆ పనికి రోజూ, వేళా నిర్ణయించి వ్రాసుకోనివ్వటం. రెండుసార్లు రాకపోతే 'ఇతనికి శ్రద్ధ లేదు' అని చీటీ మూసివేసే చికిత్సకుడు, అతడు ఏ కష్టంతో వచ్చాడో ఆ కష్టానికే అతణ్ణి శిక్షిస్తున్నాడు. ఎ.డి.హెచ్.డి.కి ప్రయోజనకరమైన మందులున్నాయి. ఆటిజాన్ని తొలగించే మందు లేదు, ఉండవలసిన అవసరమూ అందరికీ తోచదు. దానితోపాటు వచ్చే ఆందోళనకు, కుంగుబాటుకు మాత్రం చికిత్స ఉన్నది.

తన స్వభావసిద్ధమైన చిన్న చిన్న కదలికలను - చేతులు ఊపటం, వేళ్ళు కదిలించటం, ముందుకూ వెనక్కూ ఊగటం - మాన్పించటం చికిత్స లక్ష్యం కారాదు. అవి ఎవరికీ హాని చేయవు; అతనికి ఊరటనిస్తాయి. మరింత బాగా నటించటం నేర్పే చికిత్స, అతణ్ణి కుంగదీసిన దానినే పెంచుతుంది.

వైద్యులు, యజమానులు, ఇమాములు

వైద్యుడు పరీక్షించేముందు ఎక్కడ తాకబోతున్నాడో చెప్పాలి. నొప్పి ముఖంలో కనబడకపోయినంత మాత్రాన నొప్పి లేదని తీర్మానించరాదు. రద్దీ హాలులో గంటల తరబడి టోకెను పిలుపు కోసం కూర్చోబెట్టటానికి బదులు, బయట వేచి ఉండనిచ్చి ఫోనులో సందేశం పంపితే సరిపోతుంది. కార్యాలయాధికారి ఆదేశాలను నోటిమాటగా కాక వ్రాతపూర్వకంగా ఇస్తే, కిటికీ పక్కన ప్రశాంతమైన చోటు చూపిస్తే, పనిచేయలేడనుకున్నవాడు చక్కగా పనిచేయవచ్చు.

మన సమాజంలో మానసిక చికిత్సకుని గుమ్మం తొక్కేవారు తక్కువ. ఇమాముగారి దగ్గరకు, ఖాజీగారి దగ్గరకు వెళ్ళేవారు ఎక్కువ. భార్యాభర్తల తగవులో 'ఈయన నాతో మాట్లాడరు, నా బాధ పట్టదు' అని భార్య చెప్పినప్పుడు, కొన్ని సందర్భాల్లో ఆ భర్తకు ప్రేమ లేకపోవటం కాదు, ప్రేమను అందరికీ తెలిసిన రూపంలో చూపటం రాకపోవటం కారణం కావచ్చు. ఇద్దరి మాటా విని, ఎవరికి ఏది కావాలో విడమరచి చెప్పించటం రాజీకి మార్గమవుతుంది. నమాజు వరుసలో రెండు వైపులా భుజాలు తగలటం భరించలేని యువకుడు మసీదుకు రావటం మానుకొని ఉండవచ్చు. వరుస చివర ఒక చోటు అతనికి దొరికేలా చూడటం కష్టమైన పని కాదు. రమజాన్ నెలలో నిద్ర, భోజన వేళలు, రోజువారీ క్రమం అన్నీ మారిపోతాయి. మందులు వాడేవారు నెల రాకముందే వైద్యునితో వేళలు నిర్ణయించుకోవాలి, సొంతంగా మానివేయరాదు.

ఈ వృత్తుల్లో ఉన్నవారిలోనూ మెదడు తీరు భిన్నమైనవారు ఉన్నారన్నది మరచిపోరాదు. అటువంటి నర్సు, అటువంటి సలహాదారు సంస్థకు భారం కాదు. రోగి మౌనాన్ని ముందుగా అర్థం చేసుకునేది వారే కావచ్చు.

ఒక యువకుని మరణం

అడిగి నమ్మకపోతే ఏమవుతుందో తెలియజేసే ఉదంతం ఒకటి ఇంగ్లండులో జరిగింది. ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ళ యువకునికి ఆటిజం, మూర్ఛవ్యాధి, స్వల్పమైన మేధా వైకల్యం ఉండేవి. 2016లో మూర్ఛలతో ఆసుపత్రిలో చేరాడు. ఒక కోవకు చెందిన మానసిక వ్యాధుల మందులు తనకు పడవని అతడూ, అతని తల్లిదండ్రులూ వైద్యులకు చెప్పారు. అయినా ఆ కోవకు చెందిన మందే ఇచ్చారు. దాని దుష్ఫలితంగా తీవ్రమైన జ్వరం వచ్చి, మెదడు వాచి, ఆ నవంబరు నెలలో అతడు మరణించాడు. ఈ మరణాన్ని నివారించే అవకాశం ఉండేదని 2020లో వెలువడిన స్వతంత్ర సమీక్ష అభిప్రాయపడింది.

అతని తల్లి పౌలా మెక్‌గోవన్ పట్టువిడవకుండా ఉద్యమించింది. దాని ఫలితంగా, ఇంగ్లండులో ఆరోగ్య, సంరక్షణ సంస్థల సిబ్బందికి ఆటిజం, మేధా వైకల్యాలపై శిక్షణ ఇవ్వటాన్ని 2022 నాటి చట్టం తప్పనిసరి చేసింది. ఆ శిక్షణకు ఆలివర్ పేరే పెట్టారు. బాధతో అలజడి చెందిన రోగిని చూసి 'పిచ్చి' అనుకోవటానికి, 'ఆటిజం గల మనిషి భయపడుతున్నాడు' అని గ్రహించటానికి మధ్య ఉన్న తేడా ఎంతటిదో ఆ తల్లికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

మన దేశ చట్టం

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఎ.డి.హెచ్.డి.ని ఆ జాబితాలో పేర్కొనలేదు. వ్యక్తి అవసరానికి తగినట్లు పద్ధతుల్లో సముచితమైన మార్పులు చేయటాన్ని ఈ చట్టం దయగా కాక హక్కుగా చెప్పింది. వాటిని నిరాకరించటం వివక్ష క్రిందికే వస్తుంది. నిర్ణీత స్థాయి వైకల్యం గలవారికి ప్రభుత్వోద్యోగాలలో కేటాయించిన 4 శాతంలో ఆటిజం గలవారికీ భాగమున్నది.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఏ వయోజనుడైనా, రేపు తనకు మానసిక అస్వస్థత కలిగితే ఎటువంటి చికిత్స కావాలో, ఎటువంటిది వద్దో ముందే వ్రాసి పెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. ఆలివర్ ఉదంతం చదివిన తర్వాత ఈ అవకాశం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగువారికి దగ్గరలోనే, సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో, 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. మేధా వైకల్యాలు గలవారి సాధికారత కోసం పనిచేసే ఈ సంస్థను 'నీపిడ్' అంటారు. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారు 14416 నంబరుకు ఫోను చేస్తే 2022లో ప్రారంభమైన 'టెలి మానస్' సేవ ద్వారా తెలుగులోనే మాట్లాడవచ్చు. చట్టం ఉన్నది, సంస్థలు ఉన్నాయి. వయోజనులను గుర్తించి, వారితో పనిచేయటం తెలిసిన చికిత్సకులు మాత్రం ఇంకా బహు కొద్దిమందే.

రెండు ఆక్షేపణలు

ఇదంతా చదివి కొందరు, 'ఇది గారాబం చేయటం కాదా? రేపు ప్రతివాడూ నా మెదడు తీరు ఇంతేనని బాధ్యత తప్పించుకోడా?' అని అడగవచ్చు. దీనికి జవాబు మనకు బాగా తెలిసిన విషయంలోనే ఉన్నది. నిలబడలేని రోగి కూర్చొని నమాజు చేస్తాడు. కూర్చోలేనివాడు పడుకొని చేస్తాడు. అతని మీద నుంచి నమాజు తొలగిపోలేదు; చేసే రూపం మారింది. అతణ్ణి ఎవరూ గారాబం చేశారనరు, అతని నమాజు తక్కువదనీ అనరు. సౌలభ్యం బాధ్యతను రద్దు చేయదు, దానిని నెరవేర్చటం సాధ్యం చేస్తుంది. కుర్చీ ఇవ్వకుండా 'నిలబడలేనివాడు నమాజుకు పనికిరాడు' అనటం ఎటువంటిదో, వ్రాసి ఇవ్వకుండా 'ఇతనికి కౌన్సెలింగ్ పనిచేయదు' అనటం అటువంటిదే.

మరికొందరు, 'వారి మేలు మనకే బాగా తెలుసు, వారినేం అడుగుతాం?' అంటారు. మన ధర్మశాస్త్రవేత్తలు బుద్ధి నశించినవానికి, బుద్ధి గలవానికి మధ్య జాగ్రత్తగా గీత గీశారు. బుద్ధి గల వయోజనుడు తన మాటకు, తన ఒప్పందానికి, తన ఆరాధనకు తానే బాధ్యుడు. కేవలం కళ్ళలోకి చూడలేకపోవటం వల్ల, శబ్దానికి చెవులు మూసుకోవటం వల్ల ఒక మనిషిని మొదటి వర్గంలోకి నెట్టి, అతని వివాహం, అతని ఆస్తి, అతని చికిత్స అన్నీ ఇతరులు నిర్ణయించటం అన్యాయం. తీవ్రమైన మేధా వైకల్యం ఉండి సంరక్షకుడు తప్పనిసరి అయినవారి విషయం వేరు. అక్కడ కూడా, మాటలు రాని మనిషి తన ఇష్టానిష్టాలను సైగతోనో, బొమ్మల పలకతోనో తెలుపగలడు. చూసే ఓపిక మనకుండాలి.

ముగింపు

చెప్పదలచినదాన్ని సంగ్రహంగా చెప్పుకుందాం. ఆటిజం, ఎ.డి.హెచ్.డి. బాల్యంతో ముగియవు. అవి గల వయోజనులు మన మధ్యనే ఉన్నారు. అనేకులు తమ స్థితికి పేరైనా తెలియక, జీవితాంతం తమనే నిందించుకుంటున్నారు. వారికి సహాయం చేయటానికి కొత్త ఆసుపత్రులు నిర్మించేవరకూ ఆగనక్కరలేదు. దీపం కాస్త తగ్గించవచ్చు, మాట సూటిగా చెప్పవచ్చు, వేళ వ్రాసి ఇవ్వవచ్చు, మౌనాన్ని ఓర్పుతో సహించవచ్చు. ఇందులో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడినది కాదు.

వైద్యులు, ఉపాధ్యాయులు, ఇమాములు, సలహాదారులు అయిన పాఠకులకు మా మనవి ఒక్కటే. ఇకమీదట మీ దగ్గరకు వచ్చినవారిలో ఎవరికైనా మీ మాట అందటం లేదని తోస్తే, అతణ్ణి గురించి ఒక నిర్ణయానికి రాకముందే ఈ ప్రశ్న వేయండి: "నేను ఏ విధంగా చెబితే, ఏ విధంగా చేస్తే మీకు సులభంగా ఉంటుంది?" జవాబు వెంటనే రాకపోవచ్చు. మరుసటి రోజు కాగితం మీద రావచ్చు. వచ్చినప్పుడు దానిని నమ్మండి.